పట్టా ఒకరిది, పెత్తనం ఒకరిది

ఒక వస్తువును 'నాది' అనడానికి ఏమి కావాలి? డబ్బు చెల్లించిన రసీదు చాలునా, లేక ఆ వస్తువు విషయంలో చివరి మాట నాదై ఉండాలా? భూమి విషయంలో ఈ ప్రశ్న ఉత్తర తెలంగాణాకు కొత్తది కాదు. కాగితం ఒకరి పేర ఉండి, పంట మరొకరి గాదెకు చేరడం ఈ ప్రాంతం తరాల తరబడి చూసింది. దున్నేవాడొకడు, దొర ఒకడు, మధ్యన లెక్క రాసే పట్వారీ ఒకడు. ఈ ముగ్గురిలో భూమి ఎవరిదో తేల్చడానికి పెద్ద పోరాటాలే జరిగినవి. ఇప్పుడు అదే ప్రశ్న మన విద్యార్థుల చొక్కా జేబులోకి వచ్చి కూర్చున్నది.

ఆండ్రాయిడ్ ఫోనును 'రూట్ చేయడం' అని కుర్రవాళ్లు చెప్పుకునే పనిని గురించి నేను రాస్తున్నాను. ముఖ్యంగా ఒక యాప్ దించుకొని, ఒక్క మీట నొక్కి, ఒక్క మెట్టులో ఆ పని ముగించడం గురించి. సాంకేతికులకు ఇదొక నేర్పు. కంపెనీకి ఇది ఒప్పంద భంగం. కుర్రవాళ్లకు సాహసం. తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి ఇందులో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. యాజమాన్యానికీ, స్వేచ్ఛకూ, జ్ఞానానికీ గల సంబంధం ఈ చిన్న పనిలో చాలా స్పష్టంగా బయటపడుతున్నది గనుక దీనిని నైతిక ప్రశ్నగానే పరిశీలించదలచాను.

మొదట విషయం తెలుసుకొందాం. ఆండ్రాయిడ్ ఫోను లోపల పనిచేసేది లినక్స్ అనే వ్యవస్థ. ఆ వ్యవస్థలో ప్రతి వాడుకరికీ ఒక సంఖ్య ఉంటుంది. సున్నా సంఖ్య గలవాడు 'రూట్'. అతనికి అడ్డు లేదు. ఏ దస్త్రమైనా తెరవగలడు, మార్చగలడు, తుడిచివేయగలడు. మనం వేసుకునే యాప్‌లకు పది వేలు మొదలుకొని పై సంఖ్యలు ఇచ్చి, దేని గిరిలో దానిని కూర్చోబెడతారు. ఒకదాని సొత్తు మరొకటి ముట్టుకోరాదు. ఇది మంచి ఏర్పాటే. అయితే ఫోను కొన్న మనిషికి మాత్రం సున్నా సంఖ్య దక్కదు. అది కంపెనీ చేతిలోనే ఉండిపోతుంది. ఇంటి యజమాని అన్ని గదుల్లోనూ తిరగవచ్చు గాని, తాళం వేసిన నడిమి గదిలో ఏమున్నదో అతనికి తెలియదు, తలుపు తీసే హక్కూ లేదు. ఆ తలుపు తీయడమే రూట్ చేయడం.

మనవాళ్లకు ఆ తలుపు తీయవలసిన అవసరం ఎందుకు కలిగింది? కేవలం కుతూహలం వల్ల అనుకుంటే పొరపాటు. ఆండ్రాయిడ్ ఫోన్లు మొదట వచ్చిన రోజుల్లో అనేక ఫోన్లలో తెలుగు అక్షరాలు కనబడేవి కావు. అక్షరానికి బదులు ఖాళీ గళ్లు వరుసగా వచ్చేవి. 2012లో వచ్చిన 4.1 కూర్పుతోనే ఆండ్రాయిడ్ వ్యవస్థలో తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు చోటు దొరికింది. అంతకుముందు ఫోను కొన్నవారు తెలుగు చదవాలంటే దారులు రెండే. ఒపేరా మినీ అనే బ్రౌజర్‌లో ఒక అమరిక మార్చి అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకోవడం ఒకటి. ఫోనును రూట్ చేసి, వ్యవస్థ దస్త్రాలున్న గదిలో తెలుగు ఫాంటు పెట్టడం రెండవది. కోట్ల మంది మాట్లాడే భాషలో ఒక వాక్యం చదవడానికి, డబ్బిచ్చి కొన్న ఫోను గోడకు కన్నం వేయవలసి వచ్చిందన్నమాట! ఆ పని చేసినవారిని ఏమనాలి? దొంగలా, అక్షరాస్యులా?

తెలుగుకు ఆ కష్టం తీరింది. ఆదిలాబాదు అడవుల్లోని గోండులకు తీరలేదు. నార్నూరు మండలంలోని గుంజాల గ్రామంలో గోండీ భాషకు సొంత లిపిలో రాసిన ప్రతులు ఈ శతాబ్దంలోనే వెలుగులోకి వచ్చినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలికి తెచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణించిన తరువాత, హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో బడి తెరిచినప్పుడు గోండీ పాఠాలను దేవనాగరిలో రాశారు. అప్పటికి ఈ లిపి సంగతి బయటి ప్రపంచానికి తెలియదు. చివరకు 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11వ కూర్పులో గుంజాల గోండీ లిపికి స్థానం లభించింది. ప్రపంచంలోని ఏ కంప్యూటరైనా ఇక ఆ అక్షరాలను గుర్తించవచ్చు. కాని 2018కి ముందు తయారై, ఆ తరువాత కంపెనీ పట్టించుకోకుండా వదిలేసిన ఫోను గుర్తించదు. అడవి గూడేల్లోకి చేరేవి చాలా వరకు అటువంటి ఫోన్లే, రెండవ చేయి, మూడవ చేయి మారినవి.

2019లో ఉట్నూరు వైపునుంచి వచ్చిన ఒక గోండు విద్యార్థి తన తల్లి పేరును ఆ లిపిలో ఫోనులో దాచుకోవాలని ప్రయత్నించాడు. గళ్లు వచ్చినవి. ఫాంటును ఏదో ఒక యాప్ లోపల వాడుకోవచ్చు గాని, ఫోను మొత్తానికి, పేర్ల పట్టీకీ సందేశాలకూ వర్తింపజేయాలంటే నడిమి గదిలో పెట్టక తప్పదు. స్నేహితుడెవరో ఒక్క మెట్టు యాప్ వేసి పెట్టాడు. విడి అక్షరాలు కనబడినవి. ఒత్తులు సరిగా కుదరలేదు. అయినా తల్లి పేరు కనబడింది. నాలుగు రోజుల్లో మరి రెండు సంగతులు కూడా కనబడినవి. అడగని ప్రకటనలు తెరనిండా రావడం ఒకటి. స్కాలర్‌షిప్పు డబ్బు చూసుకునే బ్యాంకు యాప్ 'ఈ ఫోను సురక్షితం కాదు' అని తెరుచుకోకపోవడం మరొకటి. ఆ విద్యార్థి చేసినది తప్పా, ఒప్పా? అన్న ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

మొదటి ఆక్షేపణ ఒప్పందానిది. 'షరతులకు అంగీకరిస్తున్నాను అని నొక్కే గదా ఫోను వాడటం మొదలుపెట్టావు, ఇప్పుడు మాట తప్పడం న్యాయమా?' అంటారు. ఒప్పందానికి ప్రాణం ఇష్టం. ఇష్టం ఉండాలంటే తెలిసి ఉండాలి, కాదనడానికి వీలుండాలి. ఆ షరతుల పత్రం ఆంగ్లంలో, న్యాయవాది భాషలో, వేళ్లతో తోసినకొద్దీ తరగనంత పొడవున ఉంటుంది. కాదంటే ఫోను పనిచేయదు, అప్పటికే డబ్బు చెల్లించి ఉంటాం. వెనుకటికి సాహుకారు ముందు కూర్చొని, తాను చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసిన రైతు 'ఇష్టపూర్వకంగా' వేసినట్టే కాగితంలో రాసి ఉండేది. ఇప్పుడు వేలిముద్ర సిరా లేకుండా గాజు మీద పడుతున్నది. ఆ సంతకానికి ఉన్న నైతిక బలం ఎంతో దీనికీ అంతే.

చట్టం కూడా ఈ పనిని ఏకమొత్తంగా నేరమనలేదు. మన కాపీహక్కు చట్టానికి 2012లో చేర్చిన 65-ఎ సెక్షన్ సాంకేతికమైన తాళాన్ని తప్పించడాన్ని శిక్షార్హం చేసింది గాని, కాపీహక్కును భంగపరిచే ఉద్దేశం ఉండాలన్నది. తన ఫోనులో తన లిపి పెట్టుకోవడం ఎవరి కాపీహక్కుకు భంగం? పెట్టుబడికి పుట్టిల్లయిన అమెరికాలో సైతం 2010 జూలైలో ఫోను తాళం తప్పించడానికి మినహాయింపు ఇవ్వక తప్పలేదు.

ఒప్పందం సంగతి ఎత్తినవారిని మనం ఎదురు ప్రశ్న వేయవచ్చు. ఆ నడిమి గదిని కట్టినదెవరు? లినక్స్‌ను 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించాడు. ఆ తరువాత అనేక దేశాలవారు కలిసి దానిని పెంచారు. వారిలో జీతానికి పనిచేసినవారున్నారు, ఊరికే చేసిపెట్టినవారున్నారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో మొదలుపెట్టిన గ్ను ఉద్యమం నుంచి పుట్టిన లైసెన్సు కింద దానిని పంచుకుంటారు. చదువుకో, మార్చుకో, పంచిపెట్టు, ఇతరులకూ ఆ హక్కు మిగల్చు. ఇదీ ఆ లైసెన్సు సారం. ఫోను కంపెనీలు ఆ ఉమ్మడి శ్రమను వాడుకొంటాయి, మూలపాఠాన్ని కూడా చట్టప్రకారం ఇవ్వవలసి ఉంటుంది. అయితే మార్చిన పాఠాన్ని ఫోను నడపదు! కంపెనీ సంతకం లేని వ్యవస్థను యంత్రం తిరస్కరిస్తుంది. విత్తనం ఇచ్చి, చేలో వేయడానికి వీల్లేదన్నట్టు. టీవో అనే టెలివిజన్ యంత్రం ఈ ఎత్తు వేసినందువల్లనే 2007లో ఆ లైసెన్సు మూడవ కూర్పులో దీనిని నిషేధించారు. లినక్స్ మాత్రం రెండవ కూర్పులోనే నిలిచిపోయింది. అందరి శ్రమతో పుట్టినదానికి ఒక్కరి తాళం పడింది. కాబట్టి మాట తప్పిందెవరన్న ప్రశ్నకు జవాబు కంపెనీ అనుకున్నంత సుళువుగా రాదు.

రెండవ ఆక్షేపణ భద్రతది. దీనిని తేలిగ్గా కొట్టిపారేయరాదు. 'సున్నా సంఖ్య అందరి చేతికీ ఇస్తే, తెలియనివారు మోసపోతారు, బ్యాంకు డబ్బు పోతుంది, మేము తాళం వేసింది మీ మేలుకే' అంటారు. మన మిత్రులు కొందరు ఈ మాట వినగానే, ఇది దొర వాదమే, రైతుకు భూమి ఇస్తే తాకట్టు పెట్టుకొని పోగొట్టుకొంటాడన్న వాదమే అని కొట్టివేస్తారు. పోలిక బాగానే ఉన్నది గాని, ఆదిలాబాదులో నిలబడి ఆ మాట అంటే ఒక చిక్కు వస్తుంది. 1/70 చట్టం అని మనం పిలుచుకునేది ఏమిటి? 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుని భూమిని గిరిజనేతరునికి అమ్మరాదన్నారు. అదీ యజమాని చేతికి వేసిన తాళమే! భూమి నాదైతే నాకిష్టమైనవాడికి ఎందుకు అమ్ముకోరాదు? అని గోండు రైతు అడగవచ్చు. ఆ తాళాన్ని మనం సమర్థిస్తూనే ఉన్నాం. 1988లో సుప్రీంకోర్టు సమర్థించింది. మరి ఒక తాళాన్ని సమర్థించి, మరొకదానిని ఖండించడం ద్వంద్వ నీతి కాదా?

కాదు. కాకపోవడానికి కారణం చెప్పగలిగితేనే మన వాదం నిలుస్తుంది. నా దృష్టిలో తాళం మంచిచెడ్డలు మూడు ప్రశ్నలతో తేలుతాయి. వేసినదెవరు? తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది? లోపలున్నవారు దానిని ప్రశ్నించి మార్చగలరా? 1/70 వెనుక జోడేఘాట్ దగ్గరనుంచి సాగివచ్చిన పోరాటాల ఒత్తిడి ఉన్నది. అది శాసనం, అందరూ చదవవచ్చు, కోర్టులో వాదించవచ్చు, శాసనసభలో మార్చవచ్చు. భూమి కాజేయగలిగిన షావుకారుకు అది అడ్డు. అమలులో ఎన్ని కంతలున్నా, ఆ తాళంచెవి షావుకారు మొలతాడుకు లేదు. ఫోను తాళం వేసినవాడు ఫోను అమ్మినవాడే. చెవి అతని దగ్గరే. లోపలున్నవారికి మాట లేదు. దొంగలను అడ్డుకునే తాళమూ, కొన్నవాడిని అడ్డుకునే తాళమూ ఒకే ఇనుముతో పోసి, రెండింటికీ భద్రత అని పేరు పెట్టాడు. ఆ తాళంతోనే, మనం తీసివేయలేని యాప్‌లను మన ఫోనులో కాపురం పెట్టించాడు.

ఇది ఊహ కాదు. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ముందే వేసి పంపిన తన యాప్‌లను వాడుకరులు తీసివేయకుండా అడ్డుపడరాదని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, ఈ ఆదేశాన్ని కొట్టివేసింది. ఖజానాకు చేరవలసిన డబ్బు ఉత్తర్వులో నిలిచింది, కొన్నవాడికి దక్కవలసిన చిన్న హక్కు జారిపోయింది. ఆ నడిమి గది మీద కంపెనీకి మాత్రమే ఆశ ఉన్నదనుకోకూడదు. 2025 చివరలో కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ అనే యాప్‌ను కొత్త ఫోన్లన్నింటిలో తప్పనిసరిగా వేయాలని కంపెనీలకు ఆదేశమిచ్చి, నిరసన రాగానే డిసెంబరు మొదటి వారంలో ఆ నిర్బంధాన్ని ఉపసంహరించుకొన్నది. గదికి తాళంచెవి మన దగ్గర లేనంతకాలం లోపల ఎవరిని కూర్చోబెట్టాలో వారూ వారూ మాట్లాడుకొంటారు.

ఇంతవరకూ చదివినవారు నేను రూట్ చేయడాన్ని సమర్థించినట్టే అనుకొంటారు. హక్కును సమర్థించాను. ఇక ఒక్క మెట్టు యాప్ సంగతి చూద్దాం.

ఆ యాప్ చేసే పని ఏమిటి? లినక్స్‌లో ఎక్కడో మిగిలిపోయిన లోపాన్ని పట్టుకొని, దానిలోంచి దూరి, సున్నా సంఖ్యను చేజిక్కించుకొని, తిరిగి రావడానికి 'సు' అనే చిన్న ద్వారం అమర్చి వస్తుంది. 2014 జూన్‌లో జార్జ్ హాట్జ్ విడుదల చేసిన టవల్‌రూట్ అలాంటిదే, ఒక్క మీట నొక్కితే చాలు. ఆ తరువాత కింగ్‌రూట్, కింగో రూట్ వంటివి వచ్చినవి. వాటి మూలపాఠం బయటివారు చదవడానికి లేదు. లోపలికి దూరాక ద్వారం దగ్గర కాపలా కూర్చునేది ఆ యాప్ తాలూకు మనిషే. ఇకమీదట ఫోనులో ఎవరికి సున్నా సంఖ్య ఇవ్వాలో అతనిని అడగాలి. గడీలో దొర దిగిపోయి, ఊరూపేరూ తెలియని ముక్తేదారు దిగినట్టు. మునుపటి దొర చిరునామా అయినా తెలుసు. కోర్టుకు లాగడానికి వీలున్నది, కాంపిటీషన్ కమిషన్ లాగింది కూడా. ఈ కొత్తవాడికి ఆ భయమూ లేదు.

అదే కంత దొంగకూ పనికివస్తుంది. 2016లో బయటపడిన హమ్మింగ్‌బ్యాడ్ అనే దొంగ యాప్ ఫోన్లను యజమానికి తెలియకుండానే రూట్ చేసి, ప్రకటనల మీద డబ్బు సంపాదించింది. దాదాపు కోటి ఫోన్లు దాని చేతికి చిక్కినట్టు చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ ప్రకటించింది. వాటిలో పదమూడు లక్షలకు పైగా మన దేశంలోనివే. చైనా తరువాత మనదే స్థానం. కంపెనీ విడుదల చేయవలసిన మరమ్మతు పాత ఫోనుకు అందలేదు గనుక ఆ కంత పూడలేదు. బీదవాడి పాత ఫోనులో అదే కంత స్వేచ్ఛకూ దారి, దోపిడీకీ దారి. ఇటీవలి ఫోన్లలో మొదలయ్యేటప్పుడే వ్యవస్థ మొత్తాన్ని సరిచూసే ఏర్పాటు వచ్చి, ఒక్క మెట్టు దారి దాదాపు మూసుకుపోయింది. తాళం మాత్రం మిగిలింది. కంతలు పూడుతున్నకొద్దీ కొన్నవాడి దారి కూడా పూడిపోతున్నదన్న సంగతి గమనించాలి. హక్కుగా తెరుచుకోవలసిన తలుపును దొంగకంతగా మిగిల్చినందువల్ల వచ్చిన ఫలితమిది.

సాంకేతికమైన ప్రమాదం కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ 'ఒక్క మెట్టు' అన్న ఆశ. షరతులు చదవకుండా 'అంగీకరిస్తున్నాను' నొక్కిన వేలే, ఏమి జరుగుతుందో తెలియకుండా 'రూట్' నొక్కుతున్నది. మొదటిది బానిసత్వమైతే రెండవది విముక్తి ఎలా అవుతుంది? రెండుసార్లూ తెలియనితనమే సంతకం చేసింది. పైగా ఇది ఒంటరి పని. తన ఫోను విడిపించుకున్నవాడు తృప్తిపడి ఊరుకొంటాడు. పక్కవాడి ఫోను అలాగే ఉంటుంది. వెట్టి చేయలేక రాత్రికి రాత్రి ఊరు విడిచి బొంబాయికో భివండీకో పారిపోయిన మనిషిని మనం తప్పుపట్టం. కాని వెట్టిని కదిలించింది అతని పరుగు కాదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలకు తరలివచ్చిన వేలాది రైతుకూలీల కలయిక కదిలించింది. ఫోను తాళాన్ని వెట్టితో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. అలా చేస్తే వెట్టి చేసినవారిని అవమానించినట్టవుతుంది. పారిపోవడానికీ, కలిసి నిలబడటానికీ గల తేడా మాత్రమే ఇక్కడ నాకు కావలసింది.

కలిసి నిలబడటం ఈ రంగంలో వీలు కాదనేవారికి ఒక సంగతి మనవి చేస్తాను. కంపెనీలు వదిలేసిన ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ కూర్పులు తయారుచేసి పంచిన సయనోజెన్‌మాడ్ బృందం 2009 నుంచి పనిచేసింది. 2016 డిసెంబరులో దాని వెనుక ఉన్న కంపెనీ చేతులెత్తేస్తే, స్వచ్ఛందులు ఆ పనిని లీనేజ్ ఓఎస్ పేరుతో కొనసాగించారు. ప్రతి అక్షరం బయట ఉంటుంది, చదవవచ్చు, తప్పు పట్టవచ్చు. మన హైదరాబాదులోనే 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్‌ను రూపొందించింది. ఈ దారిలో ఒక్క మెట్టు లేదు, చాలా మెట్లున్నాయి. ప్రతి మెట్టు దగ్గరా ఏమి చేస్తున్నామో తెలుసుకోవలసి వస్తుంది. ఆ తెలుసుకోవడంలోనే మనిషి వాడుకరి స్థితి నుంచి యజమాని స్థితికి ఎదుగుతాడు.

ఇప్పుడు ఆ గోండు విద్యార్థికి నా జవాబు చెప్పగలను. తల్లి పేరును తన లిపిలో చూసుకోవాలన్న కోరిక న్యాయమైనది. అందుకోసం తాళం తీయడం నేరం కాదు, పాపమూ కాదు. తాళంచెవిని తెలియనివాడి చేతిలో పెట్టవలసి రావడం అన్యాయం. ఆ అన్యాయానికి బాధ్యత అతనిది కాదు. డబ్బు తీసుకొని చెవి ఇవ్వని అమ్మకందారుదీ, అడగని మన అందరిదీ.

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. ఫోను అమ్మినప్పుడే దాని తాళంచెవి, వాడే విధానంతో సహా, కోరినవారికి ఇవ్వాలి. తెరుచుకున్నందుకు, తెర పగిలినా బ్యాటరీ చెడినా వర్తించవలసిన హామీని రద్దు చేయరాదు. కంపెనీ మరమ్మతులు ఆపివేసిన రోజునుంచి ఆ ఫోను తాళం పూర్తిగా ప్రజలదైపోవాలి. ఈ దేశపు ప్రతి లిపీ ప్రతి ఫోనులో కనబడేటట్టు చూడటం ప్రభుత్వ బాధ్యత కావాలి. మరమ్మతు హక్కు విషయమై కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో ఒక సంఘాన్ని వేసింది. ఆ హక్కు స్క్రూలకూ తెరలకూ పరిమితమైతే చాలదు, వ్యవస్థ దాకా రావాలి.

మన చేతిలో ఉన్న పని మరొకటి ఉన్నది. రూట్ అంటే ఏమిటో, సున్నా సంఖ్య అంటే ఏమిటో, సంతకం లేని వ్యవస్థను ఫోను ఎందుకు తిరస్కరిస్తుందో చెప్పే పాఠం తెలుగులో, వీలైతే గోండీలో, కళాశాల గదిలో జరగాలి. సైన్సు శాఖవారు చూసుకొంటారని భాషాశాఖవారు తప్పుకోవడానికి లేదు. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయవద్దని రాత్రిబడుల్లో చెప్పినది మన పూర్వులే గదా. కాగితం మారింది, బడి ఇంకా తెరవవలసే ఉన్నది.